వాన రాని నెలల్లో

ప్రశ్న: నా వయసు 62. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. మాది ఒంగోలు దగ్గర ఒక చిన్న ఊరు. ముప్ఫై ఏళ్లు మా సంఘంలో సండే స్కూలు నడిపాను. స్త్రీల సమాజంలో ప్రార్థన అంటే నన్నే చేయమనేవారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరిస్తే గంట ఎలా గడిచేదో తెలిసేది కాదు. ప్రభువు పక్కనే కూర్చుని వింటున్నట్టుండేది. పదహారు నెలల క్రితం మా వారు పోయారు. పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. అయినా ప్రభువు తీసుకున్నాడు. ఆయన చిత్తం.

తర్వాత మా అబ్బాయి నన్ను హైదరాబాదు తీసుకొచ్చాడు. తొమ్మిదో అంతస్తులో ఇల్లు. ఇప్పటికీ నాలుగింటికే మెలకువ వస్తుంది. మోకాళ్ల నొప్పులు, మోకరించలేను. బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నోట ఒక్క మాట రాదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడతాయి, అంతే. ఇక్కడి చర్చి చాలా పెద్దది, పాడే పాటలు నాకు తెలియవు. పాత స్నేహితురాలికి ఫోనులో చెప్పుకుంటే, నీ జీవితంలో ఏదో పాపం అడ్డుగా ఉంది, పరీక్షించుకో అంది. ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. కోడలు రాత్రి డ్యూటీ ముగించుకుని నాలుగున్నరకు గదిలోంచి వస్తుంది, నేను అడక్కుండానే టీ పెట్టి చేతికిచ్చి వెళ్లి పడుకుంటుంది. ఏడేళ్ల మనవడున్నాడు. కానీ నేను వెతుక్కునేది దేవుణ్ణి కదా. ఆయన నన్ను విడిచిపెట్టాడా? లేక ఇన్నేళ్లూ నేను దేవుని సన్నిధి అనుకున్నది వట్టి అలవాటేనా? ఆ రోజులు మళ్లీ రావాలంటే ఏం చేయాలి?

ఒక సోదరి, హైదరాబాదు

సమాధానం:

ప్రియమైన సోదరికి, ప్రభువు నామంలో వందనాలు.

మీ ఉత్తరం వచ్చి వారం దాటింది. రోజూ ఒకసారి తీసి చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతున్నాను. సంఘమంతా ఉపవాసం ఉంది, అయినా ప్రభువు తీసుకున్నాడు అని రాసి, వెంటనే రెండు మాటల్లో "ఆయన చిత్తం" అని ముగించారు. చర్చి గురించి, మోకాళ్ల గురించి, స్నేహితురాలి గురించి రాయడానికి మీకు చోటు దొరికింది. పదకొండు రోజులు ఆ ఆసుపత్రి వరండాలో మీరు ఏమి అడిగారో, పన్నెండో రోజు మీకేమనిపించిందో చెప్పడానికి మాత్రం దొరకలేదు. బల్ల మీద కొట్టి గిన్నె బోర్లించినట్టుంది ఆ వాక్యం. దాని కింద ఏముందో నాకు తెలుసునని చెప్పను. కానీ ఏదో ఉంది. నాలుగింటికి మీ నోట మాట రాకపోవడానికీ దానికీ సంబంధం ఉందని నా నమ్మకం.

దాని దగ్గరకు తర్వాత వస్తాను. ముందు మీ స్నేహితురాలి మాట సంగతి. ఆమె మీ మేలు కోరే చెప్పి ఉండవచ్చు. కానీ అది తప్పు మాట. భర్తను పోగొట్టుకున్న మనిషితో అనకూడని మాట. యోబు దగ్గరకు ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన కూర్చున్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. ఎనిమిదో రోజు నుంచి నీలో ఏదో పాపం ఉంది, ఒప్పుకో అని మొదలుపెట్టారు. గ్రంథం చివరికొచ్చేసరికి దేవుని కోపం ఎవరి మీద రగిలింది? ఆయనను నిలదీసి, కేకలు వేసి, తాను పుట్టిన రోజునే శపించిన యోబు మీద కాదు, దేవుని తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడిన ఆ ముగ్గురి మీద. నా సేవకుడు యోబులాగా మీరు యుక్తమైనది పలకలేదని వాళ్లతో అన్నాడు. ఈ సంగతి మన ప్రసంగాల్లో చాలా తక్కువగా వినబడుతుంది. మీరు ముప్ఫై ఏళ్లు పిల్లలకు యోబు కథ చెప్పి ఉంటారు. ఈసారి మీ కోసం చదువుకోండి.

ఇక ఆయన నన్ను విడిచిపెట్టాడా అన్న ప్రశ్న. లేదు. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. కానీ లేదు అన్న ఒక్క మాటతో మీ బాల్కనీలో ఏమీ మారదని కూడా నాకు తెలుసు. నాలాంటి వాళ్లు మీతో ఈ పదహారు నెలల్లో వందసార్లు అని ఉంటారు. అందుకే మీకు బాగా పరిచయమున్న ఒక ఇల్లాలి దగ్గరకు తీసుకువెళతాను.

నయోమి. కరవు వచ్చి భర్తతో, ఇద్దరు కొడుకులతో బేత్లెహేము విడిచి మోయాబు వెళ్లింది. అక్కడ ఎలీమెలెకు పోయాడు. తర్వాత మహ్లోను, కిల్యోను కూడా పోయారు. పదేళ్లు ఆ దేశంలో ఉండి, మూడు సమాధులు అక్కడే వదిలేసి తిరిగొచ్చింది. ఊళ్లో ఆడవాళ్లంతా గుమిగూడి ఈమె నయోమి కదా అన్నారు. ఆమె ఏమందో మీకు నోటికి వచ్చు. నన్ను నయోమి అనవద్దు, మారా అనండి అంది. మారా అంటే చేదు. నేను నిండుగా వెళ్లాను, యెహోవా నన్ను వట్టి చేతులతో తిరిగి తెచ్చాడు అంది. చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒక్కరు కూడా అలా అనకూడదమ్మా, ఆయన చిత్తం అని సర్దిచెప్పినట్టు లేదు. అలా మాట్లాడినందుకు దేవుడు ఆమెను శిక్షించినట్టూ లేదు. ఆమె చేదు ఆమె నోటితోనే, ఆయన పేరు పెట్టి చెప్పిన మాటగా వాక్యంలో ఉండిపోయింది. మనం దాన్ని పరిశుద్ధ గ్రంథమని ముద్దుపెట్టుకుని కళ్లకద్దుకుంటాం.

ఈ కథ ఉన్న రూతు గ్రంథం నాలుగు అధ్యాయాల్లో ఇంకో సంగతి ఉంది. దేవుడు ఎక్కడా ఒక్క మాట మాట్లాడడు. కల లేదు, దూత లేడు, పొద లేదు, మంట లేదు. ఇద్దరు విధవరాళ్లు, కోతకొచ్చిన యవల చేను, పరిగె ఏరుకోవడం, సాయంత్రానికి దుళ్లగొట్టిన గింజలు. ఏదైనా జరిగిందంటే మనుషుల చేతుల్లోనే జరిగింది. నేను వట్టి చేతులతో వచ్చానని నయోమి అంటున్నప్పుడు ఆమె పక్కన ఒక మనిషి నిలబడి ఉంది. నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు అని పుట్టిన ఊరు వదిలి వెంట వచ్చిన కోడలు. ఆ పూట నయోమి కళ్లకు రూతు కనబడలేదు. దుఃఖం అలా చేస్తుంది, దాని గురించి నయోమిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. రూతు కూడా తప్పుపట్టలేదు. అత్తయ్యా, నేను లేనా అనలేదు. మర్నాడు లేచి పొలానికి వెళ్లి, చీకటి పడేవేళకు తూమెడు యవలు తెచ్చి ముందు పోసింది. తాను తినగా మిగిల్చిన పేలాలు కూడా తీసి ఇచ్చింది. ఊరికి తిరిగొచ్చాక, ఆ గింజలు చూశాకే నయోమి నోట మొదటిసారి ఆశీర్వాదపు మాట వచ్చింది. బ్రతికున్నవాళ్లకూ చనిపోయినవాళ్లకూ ఉపకారం మానలేదు అంది. చనిపోయినవాళ్లను కూడా కలిపి చెప్పింది చూడండి. వాళ్లను మరచిపోవడం వల్ల వచ్చిన మాట కాదది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, మీరు దాన్ని ఫిర్యాదుకూ ఫిర్యాదుకూ మధ్య దాటుకుంటూ వెళ్లిపోయారు. కోడలు నాలుగున్నరకు వచ్చి అడక్కుండానే టీ పెట్టి ఇస్తుందని. ఒక్క వాక్యం తర్వాత, కానీ నేను వెతుక్కునేది దేవుణ్ణి కదా అన్నారు. ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి నేను చాలాసేపు కూర్చున్నాను.

అపార్థం చేసుకోకండి. టీ కప్పే దేవుడు అనడం లేదు. మనుషుల ప్రేమ ఉంటే ప్రార్థన అక్కర్లేదని కూడా అనడం లేదు, నేను అలా అనుకునేదాన్ని కాను. మీరు ఆయనను పాత చిరునామాలో వెతుకుతున్నారు అంటున్నాను. నాలుగింటికి, మోకాళ్ల మీద, వెచ్చని మాటల ప్రవాహంలో, ఎవరో పక్కన కూర్చుని వింటున్నట్టు. ముప్ఫై ఏళ్లు ఆయన అక్కడ దొరికాడు. ఇప్పుడు అదే సమయానికి, అదే రూపంలో కనబడకపోయేసరికి అసలు లేడనుకుంటున్నారు.

వాక్యంలో తొలకరి వర్షం, కడవరి వర్షం అని చదువుతాం కదా. మనకు తొలకరి అంటే మృగశిర కార్తె, జూన్ నెల, ఎండలకు బీటలు వారిన నేల మీద పడే మొదటి జల్లు. ఆ దేశంలో అలా కాదు. అక్కడ తొలకరి అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది, కడవరి వాన మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఆ తర్వాత మే నుంచి సెప్టెంబరు దాకా దాదాపు ఒక్క చినుకు కూడా పడదు. ఐదు నెలలు ఆకాశం రాగి రేకులా ఉంటుంది. నేను మొదటిసారి ఇది తెలుసుకున్నప్పుడు ఆశ్చర్యపోయింది కరవు గురించి కాదు, ఆ ఐదు నెలల్లో పండే పంట గురించి. ద్రాక్ష, అంజూరం, దానిమ్మ పక్వానికి వచ్చేది ఆ వానలేని నెలల్లోనే. శీతకాలపు వాన నేలలోకి ఎంత లోతుకు ఇంకిందో అంత లోతుకు వేళ్లు దిగుతాయి. పైన రాత్రి పూట సముద్రపు గాలి తెచ్చిన తేమ మంచుగా ఆకుల మీద దిగుతుంది. మంచు అంటే మనకు ధనుర్మాసం గుర్తొస్తుంది. అక్కడి రైతుకు నడివేసవిలో ఆసరా అది. ఇశ్రాయేలుకు నేను మంచులా ఉంటానని హోషేయ ప్రవక్త ద్వారా దేవుడు అన్నప్పుడు విన్నవాళ్లకు అది అలంకారం కాదు, బతుకు. వాన పడితే ఇంట్లో ఉన్నవాడికి కూడా చప్పుడు వినబడుతుంది. మంచు దిగిన చప్పుడు ఎవరికీ వినబడదు. పొద్దున లేచి ఆకు మీద చేయి పెడితే తప్ప తెలియదు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందనుకుంటాను. ఆ ముప్ఫై ఏళ్ల సన్నిధి అలవాటేనా? అలవాటే. అలవాటు అయినంత మాత్రాన అబద్ధం కాదు. మీరు ముప్ఫై ఏళ్లు ఒక మనిషికి రోజూ అన్నం వడ్డించారు. అది అలవాటు. అందులో ప్రేమ లేదని ఎవరైనా అంటే మీరు ఊరుకుంటారా? ఆ వాన నిజంగానే కురిసింది, ఇంకింది. నీళ్లు నేల పైన కనబడకపోవచ్చు. మీరు ఇంకా నాలుగింటికే లేస్తున్నారంటే, మాట రాకపోయినా కుర్చీలో కూర్చుంటున్నారంటే, దేవుడు విడిచిపెట్టాడేమో అని ఇంత దూరం ఉత్తరం రాశారంటే, వేళ్లు ఎక్కడో తడి అందుకుంటూనే ఉన్నాయి. ఏమీ మిగలనివాళ్లకు ఈ బాధ ఉండదు. మా ఊళ్లో అలాంటివాళ్లను చూశాను, వాళ్లు ఉత్తరాలు రాయరు.

కానీ ఆ రోజులు మళ్లీ రావాలంటే ఏం చేయాలి అని అడిగారు. దానికి నా దగ్గర మందు లేదు, ఉందని చెప్పేవాళ్లను నమ్మకండి. ఆ రోజులు ఆ రోజులే. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా దొరికిన మన్నా కూడా మంచు ఆరిపోయాకే కనబడింది, మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టింది. మిమ్మల్ని మోకరింపజేసిన మోకాళ్లు మారాయి. మీ పక్కన ఆమేన్ అన్న గొంతు లేదు. ప్రార్థన మాత్రం మారకుండా ఎలా ఉంటుంది?

నా సంగతి కొంచెం చెబుతాను. నేను మీకంటే ఆరేళ్లు పెద్దదాన్ని. మా అమ్మ చివరి మూడేళ్లు మతిమరుపు వ్యాధితో మంచాన ఉంది. నేను ఉద్యోగం మానేసి చూసుకున్నాను. ఆ మూడేళ్లలో నేను ప్రశాంతంగా పది నిమిషాలు ప్రార్థించిన రోజు లేదు. రాత్రి మూడుసార్లు దుప్పట్లు మార్చి, పొద్దున అవి ఉతికి ఆరేసేసరికి ఎండెక్కేది. ఆదివారం మందిరానికి వెళ్లలేక, వచ్చిన సంఘస్థులతో అన్నీ బాగున్నాయని చెప్పి, తలుపేసుకుని ఏడ్చేదాన్ని. దేవుడు నన్ను ఒక మూల పెట్టి మరచిపోయాడని నిజంగా నమ్మాను. అమ్మ నా పేరు మరచిపోయింది. ఒకరోజు స్నానం చేయిస్తూ, ఆమె గింజుకోకుండా ఉండడానికి పరలోక ప్రార్థన మొదలుపెట్టాను. భక్తితో కాదు, అది నోటికి వచ్చింది కాబట్టి. నేను మధ్యలో ఆగాను, అలసటకు మాట తప్పిపోయింది. అమ్మ అందుకుంది. నా పేరు తెలియని మనిషి, "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని నన్ను దాటుకుని ఆమేన్ దాకా వెళ్లింది. చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆ రోజుతో నా ఎండిన కాలం ముగిసిపోలేదు, ఇంకా ఏడాదిన్నర అలాగే గడిచింది. కానీ ఆ తర్వాత స్నానాల గదిలోకి వెళ్లేటప్పుడు ఖాళీ గదిలోకి వెళుతున్నట్టు లేదు.

అందుకే ఇప్పుడు ఆ బోర్లించిన గిన్నె దగ్గరకు వస్తున్నాను. సోదరీ, మీరు దేవునితో మాట్లాడలేకపోవడానికి కారణం చెప్పడానికి మాటలు లేకపోవడం కాదేమో. చెప్పవలసిన ఒకే ఒక మాటను మీరే నిషేధించుకున్నారేమో. స్త్రీల సమాజంలో ముప్ఫై ఏళ్లు కృతజ్ఞతా ప్రార్థనలు నడిపించిన మనిషి, మేమందరం తిండి మానుకుని అడిగితే ఎందుకివ్వలేదు అని ఆయనను అడగవచ్చా? అడగవచ్చు. కీర్తనల్లో దాదాపు మూడో వంతు అలా అడిగినవే. పదమూడో కీర్తన తీయండి, ఆరే వచనాలు. ఎంతకాలం, ఎంతకాలం అని మొదట్లోనే నాలుగుసార్లు అడుగుతాడు. ఎనభై ఎనిమిదో కీర్తన ఇంకా కఠినం. మిగతా విలాపాల్లో చాలావాటిలో చివరికి కొంచెం వెలుతురు వస్తుంది, అందులో అదీ రాదు. చీకటి అనే మాటతో ముగుస్తుంది. ఎవరో ఆ చివర ఒక స్తుతి వచనం అతికించి ఉండవచ్చు, అతికించలేదు. ఆ పూర్వికులకు మనకంటే ధైర్యం ఎక్కువ. సిలువ మీద ప్రభువే, నా దేవా నన్నెందుకు చెయ్యి విడిచితివి అని ఇరవై రెండో కీర్తన అందుకున్నాడు. కుమారుడు అడిగిన ప్రశ్న మీరు అడిగితే ఆయన నొచ్చుకుంటాడా?

ఒక నోటు పుస్తకం కొనుక్కోండి. మీరు టీచరు, రాయడం మీకు కొత్త కాదు. పదకొండు రోజుల్లో ఒక్కో రోజుకు ఒక్కో పేజీ. ఆ రోజు డాక్టరు ఏమన్నారు, మీరేమని ప్రార్థించారు, ఎవరు ఏ వాగ్దానం చెప్పారు, ఏ వాగ్దానం నమ్మారు. పన్నెండో పేజీలో ఆయనతో అనాలనుకుని అనని మాట రాయండి. భాష మర్యాదగా లేకపోయినా ఫరవాలేదు. గట్టిగా చదవండి, బాల్కనీ తలుపు వేసుకుని. ఆయన చిత్తం అన్న మాటను మీరు వదులుకోవాలని నేననడం లేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో ప్రభువు కూడా ఆ మాట అన్నాడు, కానీ ఈ గిన్నె తొలగించు అని అడిగాకే అన్నాడు, చెమట రక్తబిందువుల్లా కారేంత వేదనలో. మీరు మొదటి భాగం వదిలేసి రెండోది మాత్రం చెప్పారు.

ఆదరణ కూడికల్లో ప్రసంగి మూడో అధ్యాయం చదువుతారు, మీవారి కూడికలోనూ చదివే ఉంటారు. ప్రతిదానికి సమయము కలదు అని. చాలాసార్లు దాన్ని, ఇక చాలు లేవండి అన్న అర్థంలో వాడతారు, నాకు బాధ కలుగుతుంది. అందులో పద్నాలుగు జంటలున్నాయి. ఏడ్వడానికి సమయముందని రాసిన చోట, అది ఎన్ని నెలలో రాయలేదు. మౌనంగా ఉండడానికి సమయముందని కూడా ఉంది. నాలుగింటికి మీరు కుర్చీలో కూర్చుని పలకని ఆ గంట దేవుని లెక్కల్లో ఖాళీ అని ఎవరు చెప్పారు?

మీది ఒంగోలు ప్రాంతమన్నారు కాబట్టి మీరు చిన్నప్పటి నుంచి విన్న కథ ఒకటి గుర్తుచేస్తాను. 1854 జనవరి 1న అమెరికా మిషనరీలు జూయెట్ దంపతులు, వారితో ఉన్న కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించిన సంగతి. నెల్లూరులో ఏళ్లు గడిచినా ఫలితం కనబడలేదని, అంతకు ముందు ఏడాదే అమెరికాలో వాళ్లను పంపిన సంస్థ తెలుగు మిషన్ మూసేద్దామా అని చర్చించింది. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని కొండ మీద అడిగారు. మనం వెంటనే 1878 జూలై 3కు దూకేస్తాం, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం అని. మధ్యలో ఇరవై నాలుగేళ్లున్నాయి. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో స్థిరపడింది 1866లో, అంటే కొండ మీది ప్రార్థనకు పన్నెండేళ్ల తర్వాత. మరుసటి ఏడాది సంఘం ఏర్పడితే అందులో ఎనిమిది మంది. ఆ పన్నెండేళ్లలో జూయెట్ గారి తెల్లవారుజాములు ఎలా గడిచాయో ఏ ప్రసంగంలోనూ చెప్పరు.

1878 గురించి కూడా సగమే చెబుతాం. అంతకు ముందు 1876 నుంచి ఘోరమైన కరవు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని ఒప్పుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ జూలైలో గుండ్లకమ్మ నీళ్లలో దిగినవాళ్లలో ఇంట్లో ఒకరినైనా పోగొట్టుకోనివాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు? మనం దాన్ని కోతకాలమంటాం. వాళ్లకది ఏడ్పుకాలం కూడా. రెండూ ఒకే ఏడాదిలో, ఒకే మనుషుల ఒంటి మీద. మీ అవ్వలు, తాతలు ఆ నీళ్లలోంచే లేచి వచ్చి ఉండవచ్చు. దుఃఖం పూర్తిగా తీరాక సన్నిధి వస్తుందని ఎదురుచూడకండి అని చెప్పడానికే ఇంత చెప్పాను.

చర్చి సంగతి. పెద్ద చర్చిలో పాట తెలియకపోతే పాడకండి, కూర్చుని ఉండండి. ముప్ఫై ఏళ్లు మీరు నడిపించారు, ఇప్పుడు మీ చుట్టూ ఉన్నవాళ్లు మీ తరఫున పాడనివ్వండి. మీ ఇంటికి దగ్గరలో చిన్న తెలుగు ఆరాధన ఎక్కడైనా ఉందేమో అబ్బాయిని కనుక్కోమనండి, పాత కీర్తనలు తాళాలతో పాడేచోటు. ఎక్కడికి వెళ్లినా ప్రభువు బల్ల దగ్గర మాత్రం చేయి చాపడం మానకండి. నాకేమీ అనిపించడం లేదు, నేను అర్హురాలినా అని వెనక్కి తగ్గకండి. రొట్టెముక్క మీ మనసు స్థితిని బట్టి మీ చేతిలో పడదు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతికి ఏం లాభం అన్న ఆలోచన రావడం వంటివి ఉంటే డాక్టరుకు చూపించుకోండి. మీరు ఉత్తరంలో రాయలేదు, కానీ మనవాళ్లు ఇలాంటివి రాయరు. అది విశ్వాసం తగ్గడం కాదు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతే బాగుండునన్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి వేడి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు కొండ, గాలి, భూకంపం, మెరుపు, వాటిలో దేనిలోనూ కాకుండా ఆ నిమ్మళమైన స్వరం, అన్నీ నలభై రోజుల నడక తర్వాతే. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416. ఉచితం, ఏ వేళకైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. తెల్లవారుజామున నాలుగింటికైనా ఎత్తుతారు.

మనవడికి మీరు తెలుగు నేర్పాలని, బైబిలు కథలు చెప్పాలని, అలా మీకు కాలక్షేపమవుతుందని ఎవరైనా సలహా ఇచ్చి ఉంటారు. నేనివ్వను. నయోమి ఒళ్లో బిడ్డను పెట్టింది నాలుగో అధ్యాయం చివర్లో, మొదటి అధ్యాయంలో కాదు. పెట్టినప్పుడు కూడా మోయాబులోని మూడు సమాధులు అక్కడే ఉన్నాయి. వాడంతట వాడు వచ్చి తాతయ్య గురించి అడిగితే మాత్రం మాట మార్చకండి. ఉన్నది చెప్పండి, ఏడుపొస్తే వాడి ముందే ఏడవండి.

చివరగా మీ కోడలి గురించి ఒక మాట. ఆ అమ్మాయి రాత్రంతా పనిచేసి, కళ్లు మూతలు పడుతుండగా తిన్నగా వెళ్లి పడుకోకుండా వంటింట్లోకి వెళుతోంది. ఎందుకో మీరెప్పుడూ అడిగి ఉండరు, ఆమె కూడా చెప్పి ఉండదు. రేపు ఆ కప్పు అందుకున్నాక కాసేపు కూర్చోమనండి. ఇంకో కుర్చీ వేయండి. ప్రార్థన చేద్దామనకండి, వాక్యం చదవకండి. మీ మామగారి గురించి నీకేం గుర్తుందమ్మా అని అడగండి. ఆ ఇంట్లో పదహారు నెలల క్రితం పోయింది మీ భర్త మాత్రమే కాదు, ఆ పిల్లకు మామగారు కూడా. మీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. ఆమె ఏం చెప్పిందో, వీలైతే, నాకు రాయండి.